గుఱి నేర్పు చిన్న తుపాకి
(పఠనమందిర సభలో చేసిన ప్రసంగపాఠము)



పఠనమందిరమునకు వచ్చువారు గ్రంథములను గూర్చియో పన్నులను గూర్చియో విన వత్తురు. ఖద్దరు ధరించి, అహింసను గూర్చి మాటలాడువారమని పేరుపడిన మేము నేడు తుపాకిని గూర్చి చెప్ప నిలిచితిమనగానే వెనుక బల్లలయొద్ద నొక నవ్వు వినబడినది. నవ్వవచ్చును. కాని మేము చెప్పబోవునది వేటను గూర్చి కాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనముతో ఈ దేశమున ఆ వినోదమునకు కాలము చెల్లినది, చెల్లుటయు మంచిదే. ఆత్మరక్షణమును గూర్చియు కాదు. ఏబది మీటర్ల దూరమున నిలిపిన కాగితమును, దాని నడుమనున్న చిన్న వలయమును గూర్చి మాత్రమే.

ఈ క్రీడ నభ్యసింపగోరు యువకులు మమ్మడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ తుపాకి కొనవలెను?" అడుగునపుడు వారి కన్నులలో పెద్ద తుపాకియే మెఱయుచుండును. అన్నింటిలో చిన్నది కొనుడని మా సమాధానము. ఆ మాటకు వారి ముఖములు చిన్నబోవుట మేమెన్నోమాఱులు చూచితిమి. చిన్నబోవలసిన పనిలేదని చూపుటకే ఈ ప్రసంగము.

మొదట శాసనము సంగతి. లిట్టను ప్రభువు కాలమున, 1878లో, ఆయుధశాసనము పుట్టినది. దాని నియమములనుండి యూరోపియనులు మినహాయింపు పొందిరి. భారతీయునకు మాత్రము లైసెన్సు కావలసివచ్చెను. ద్రోణుడు గురుదక్షిణయని ఏకలవ్యుని బొటనవ్రేలు గైకొనెను. దొరతనమువారు గురుత్వమైనను నెఱపకయే దేశము బొటనవ్రేలు గైకొనిరి. 1931లో కరాచీ కాంగ్రెసునాటి ప్రాథమిక హక్కుల తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము నుంచుకొను హక్కును చేర్చిరి. స్వతంత్ర రాజ్యాంగమున ఆ హక్కు చోటుచేసికొనలేదు. అది సరియో కాదో వేఱొకనాడు వాదింతము.

కాని 1959 నాటి శాసనమును సావధానముగా చదివినవా రొక విశేషమును గ్రహింతురు. సామాన్యముగా తుపాకి కోరువాడు తగిన కారణమున్నదని అధికారిని ఒప్పింపవలెను. 13వ సెక్షను మూడవ ఉపసెక్షనులో మాత్రము, ప్రభుత్వపు గుర్తింపుగల రైఫిలు క్లబ్బు సభ్యుడు గుఱి అభ్యాసమునకై పాయింటు 22 బోరు రైఫిలు కోరినచో లైసెన్సు "ఈయవలెను" అనియే యున్నది. "ఈయవచ్చును" అని కాదు. ఆ రెండు మాటలకు నడుమ ఎంత దూరమో న్యాయస్థానములలో తిరుగు మావంటివారికే తెలియును. నిరాకరించుటకు 14వ సెక్షను కారణములు వేఱుగ నున్నవి. పోలీసు విచారణయు తప్పదు. కాగితము బల్లనుండి బల్లకు ప్రాకుటయు తప్పదు. ఐనను ఈ చిన్నదానిని శాసనకర్తలు పేరుపెట్టి ఆదరించిరి. కావున మొదట క్లబ్బు, పిమ్మట లైసెన్సు, తుద తుపాకి. ఈ వరుసను తలక్రిందులు చేసినవారు మా ఆఫీసునకు వచ్చి కూర్చుందురు.

ఈ తుపాకి తూటాను రిమ్‌ఫైరు తూటా యందురు. ఇత్తడి గొట్టపు అడుగున చుట్టును ఉబికిన అంచొకటి కలదు. ఆ అంచులోపల దెబ్బకు రగులుకొను మందును నింపుదురు. మీట నొక్కగానే సూది ఆ అంచును నలుపును. మందు రగిలి గుండును వెడలించును. పెద్ద తూటాలలో ఈ రగులుమందు అడుగున నడిమిభాగమున వేఱొక చిప్పలో నుండును. అంచు నలుగవలెనన్న పలుచనై యుండవలెను. పలుచని అంచు పెద్ద ఒత్తిడికి ఓర్వజాలదు. అందుచేతనే ఈ తూటా చిన్నదిగా నిలిచిపోయినది. 1845 ప్రాంతమున పారిసులో ఫ్లోబేరు అనునాతడు ఇండ్లలో గుఱికొట్టు వినోదమునకై చేసిన తూటా దీనికి మూలము. 1857లో అమెరికాయందు స్మిత్-వెస్సను వారు పాయింటు 22 షార్టును, 1887లో స్టీవెన్సు వారు నేటి లాంగు రైఫిలు తూటాను వెలువరించిరి.

చిన్నదియే ఏల మేలు? ఒకప్పుడు పోలీసులు మోసిన పాయింటు 303 రైఫిలు గుండు 174 గ్రెయినుల బరువు. దీని గుండు 40 గ్రెయినులు. పెద్ద తుపాకి భుజమును తన్నును, చెవిని అదరగొట్టును. రెండుమాఱులు తన్నుతిన్న శరీరము మూడవమాఱు మీట నొక్కకముందే జంకును. ఆ జంకుతో గొట్టము కదలును, గుండు తప్పును. తప్పినది తుపాకివలననో తనవలననో కాల్చినవానికి తెలియదు. చిన్న తుపాకియందు ఆ మఱుగు లేదు. తప్పు నీదే యని అది నెమ్మదిగా చెప్పును. ఆడలేక మద్దెల ఓడనుటకు వీలీయని మద్దెల ఇది. 1948లో ఏర్పడిన ఎన్.సి.సి.లో చేరిన కళాశాల విద్యార్థు లనేకులు తొలిసారి కాల్చినది పాయింటు 22 తుపాకియే.

కొనుటకు ముందు ఒక సంవత్సరము క్లబ్బు తుపాకితోనే కాల్చుడు. పిమ్మట మీ శరీరమునకు సరిపడునదానిని వెదకుడు. భుజమున ఆనించినపుడు మెడ వంచకయే కన్ను గుఱిగుర్తు వెనుకకు రావలెను. పొట్టిచేతులవానికి పొడుగు కఱ్ఱ శిక్షయే. బరువైన తుపాకి నిలుకడగా నుండును; కాని అరగంటకే చేయి వడకినచో ఆ నిలుకడ ఎవరికి? మీట ఈడ్చుకొనుచు పోక, తగినంత నొక్కుపడగానే ఒక్కసారి విడువవలెను. తనంత తానే తూటా నెక్కించుకొనునవి యున్నవి. నేర్చువానికి అవి వలదు. ఒక్కొక్క తూటాను చేతితో పెట్టి బోల్టు మూయు తుపాకి, మాఱుమాఱునకు మధ్య ఆలోచింప వ్యవధి నిచ్చును.

స్వదేశీ వ్రతస్థులమైనను సత్యము చెప్పక తప్పదు. ఇషాపూరు కర్మాగారపు పాయింటు 22 రైఫిలు నేర్చుకొనుటకు చాలును. పెద్ద పోటీలకు పోదలచినవారు జర్మనీలోని ఉల్ము నగరపు ఆన్‌షుట్జు, వాల్తరు తుపాకులవంటి వానిని చూడవలసియే యుండును. రాట్నము వడకు దేశమే ఉల్మును మించిన గొట్టమును ఏనాడు చేయునాయని మేమెదురుచూచుచున్నాము.

తూటా విషయమున మఱియొక భ్రమ. వేగము హెచ్చినది మేలనుకొందురు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. పోటీవారు వాడు తూటా దానికి కొంచెము తక్కువగా, 325 ప్రాంతమున పోవును. వేగపు తూటా 380 వఱకు పోయి, నూఱు మీటర్లు చేరకముందే మరల ధ్వనివేగమునకు క్రిందికి దిగును. దిగునపుడు గుండు చెదరును. పైగా ఒక్కొక్క గొట్టమునకు ఒక్కొక్క తూటా నచ్చును. ఆనికపై నుంచి నాలుగైదు రకములను ఐదేసి చొప్పున కాల్చి, రంధ్రములు దగ్గఱగా పడినదానినే గైకొనుడు. ఖరీదైనదే నచ్చునని నియమము లేదు.

ఇక ఆనందము. ఏబది మీటర్ల రైఫిలు లక్ష్యమున పది గుణముల వలయపు వెడల్పు 10.4 మిల్లిమీటర్లు, గుండు వెడల్పు 5.6. ఊపిరి సగము విడిచి నిలుపవలెను. అప్పుడు గుండె కొట్టుకొనుట గుఱిగుర్తులో కనబడును! ఆ రెండు కొట్టుకొనుటల నడుమ, మీట ఎప్పుడు విడుచునో తనకే తెలియనంత మెల్లగా వ్రేలు బిగియవలెను. అభ్యాసము ముదిరినవాడు దుర్భిణి చూడకయే "కుడివైపు తొమ్మిది" అని చెప్పును. చూచినచో అట్లే యుండును. తన లోపమును తానే ముందుగ చెప్పగలుగు సుఖము మేము మఱి యే ఆటయందును ఎఱుగము. కోర్టులో కేసు ఓడినను, ఆ సాయంకాలము ఇరువది తూటాలు కాల్చినచో రాత్రి నిద్ర పట్టును.

2024లో పారిసు ఒలింపికులలో కొల్హాపురము ప్రాంతపు రైల్వే ఉద్యోగి స్వప్నిల్ కుశాలే మోకాలిపై, పరుండి, నిలిచి కాల్చు పోటీలో కంచు పతకము గెలిచినది ఈ తూటాతోనే. 2012లో లండనులో విజయకుమారు వెండి పతకమును తెచ్చిన పిస్తోలునకును ఇదే తూటా. మన హైదరాబాదు బాలిక ఈషా సింగు 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీలో వెండి గెలిచినదియు దీనితోనే. బలము చాలదని స్త్రీలను వెనుకకు నెట్టువారు ఆ పట్టికను చదువుదురు గాక.

ఆటబొమ్మయని మాత్రము ఎవరును భ్రమపడరాదు. ఈ చిన్న గుండు మైలునకు మించి పోగలదు, నీటిని, ఱాతిని తాకి ప్రక్కకు ఎగురును, మనుష్యుని చంపును. గొట్టము ఎల్లప్పుడును లక్ష్యమువైపే. కాల్చ నిశ్చయించువఱకు వ్రేలు మీటకు వెలుపలనే. తూటా పేలకున్నచో బోల్టు వెంటనే తెఱవక, లక్ష్యమువైపే నిలిపి ముప్పది సెకనులు వేచియుండుడు. ఈ రకపు తూటాలలో అట్టివి పెద్దవానికంటె తఱచు. సీసము విషము గనుక చేతులు కడుగకయే పలహారము ముట్టరాదు.

సభకు ముందు ఒకరు చీటి పంపిరి: లైసెన్సు వచ్చువఱకు ఏమి చేయవలెనని. 4.5 మిల్లిమీటర్ల బోరునకును, 20 జౌళ్ల శక్తికిని మించని గాలితుపాకికి లైసెన్సు అక్కఱలేదు; కొనునపుడు గుర్తింపుపత్రము చూపవలెను. దూరము పది మీటర్లు. పది గుణముల చుక్క అరమిల్లిమీటరు. 2008లో అభినవ్ బింద్రా బంగారము, 2012లో మన హైదరాబాదు గగన్ నారంగు కంచు గెలిచినది ఆ చుక్కమీదనే. ఈ మందిరపు వెనుక వసారాను మేము నిన్న కొలిచితిమి, పదునొకండు మీటర్లున్నది. ఆవలిగోడకు ఇనుపరేకు పెట్టె బిగించి, ప్రక్క తలుపునకు తాళము వేసి, శిక్షకు డొకడు దగ్గఱ నుండునట్లు ఏర్పాటు చేసినచో చాలును. కార్యదర్శిగారు సమ్మతించినచో వచ్చు ఆదివారము ఉదయము ఏడుగంటలకు మొదలుపెట్టుదము. పేర్లు వ్రాయు పుస్తకము ద్వారముకడ బల్లపై నున్నది.