రెండు కుర్చీలు, ఒకే మనిషి
(వినగడప సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



మన హక్కుల కోసమని ప్రభుత్వం కమిషన్లు పెట్టింది, బోర్డులు పెట్టింది, కమిటీలు పెట్టింది. వాటిల్లో కూర్చున్నదెవరు? కూర్చోబెట్టిందెవరు? వాళ్లు లెక్క చెప్పాల్సింది ఎవరికి? ఈ మూడు ప్రశ్నలే ఇవాళ నేను మీ ముందు పెడతాను.

ఇవేవీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1985లో కారంచేడు నెత్తురు చూసిన తర్వాతే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991లో చుండూరు జరిగాక కూడా దాని నియమాలు రావడానికి 1995 దాకా పట్టింది. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కమిషన్ చట్టం 2003లో గాని రాలేదు. వికలాంగుల చట్టం కూడా అంతే. 1995లో ఒకటి వచ్చింది, 2016లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే కొత్తదాంట్లో 21 ఉన్నాయి. మనల్ని హరిజనులన్నట్టే వాళ్లనూ ఒకసారి విభిన్న ప్రతిభావంతులన్నారు, ఒకసారి దివ్యాంగులన్నారు. పేర్లు మారినాయి. ఆఫీసు మెట్లు మాత్రం మారలేదు.

2016 చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక వికలాంగుల కమిషనర్ ఉండాలి. ఎవరి హక్కు పోయినా విచారించాలి. సాక్షులను పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఆయనకుంటాయి. ఆయన సిఫారసు చేస్తే సంబంధిత ఆఫీసు మూడు నెలల్లో చర్య తీసుకోవాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. మంచి చట్టమే. కానీ ఆయన ముందుగా నిలదీయాల్సింది ఎవరిని? వికలాంగుల సంక్షేమ శాఖనే గదా! ఆ శాఖ నడిపే అధికారికే ఈ కుర్చీ కూడా ఇస్తే? ఆఫీసు భాషలో దాన్ని 'అదనపు బాధ్యత' అంటారు. నేను పంతుల్ని, నా భాషలో చెబుతాను. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకోవడం అది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఢిల్లీలోనే జరిగింది. 2019లో చీఫ్ కమిషనర్ కుర్చీ ఖాళీ అయ్యాక వికలాంగుల సాధికారత శాఖ కార్యదర్శులకే దాన్ని అదనంగా అప్పగించారు. అదే 2019లో మానవ హక్కుల చట్టాన్ని సవరించి, ఆ చీఫ్ కమిషనర్‌ను జాతీయ మానవ హక్కుల కమిషన్‌లో హోదా రీత్యా సభ్యుడిని చేశారు. ఎస్సీ కమిషన్ చైర్మన్ అప్పటికే అందులో సభ్యుడు. ఇలా ఒక కమిషన్ మనిషి ఇంకో కమిషన్‌లో కూర్చుని తన జనం మాట అక్కడ చెప్పడం తప్పు కాదు, అవసరమే. కానీ ఆ మనిషి సర్కారు కార్యదర్శే అయితే అక్కడ వినపడేది మన మాటా, సర్కారు మాటా? రెండు కుర్చీల్లో కూర్చోవడం ఒక్కటే నేరం కాదు. కాపలావాడూ, కాపలా కాయబడేవాడూ ఒకడే కావడం నేరం.

ఇక మన దగ్గరికి రండి. 1995 నియమాల ప్రకారం అత్యాచారాల చట్టం అమలును చూసే జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. ఎస్పీ సభ్యుడు, మనం ఓటేసిన రిజర్వుడు ఎమ్మెల్యే సభ్యుడు. మూడు నెలలకోసారి కూర్చుని పోలీసుల పనీ, రెవెన్యూ వాళ్ల పనీ సమీక్షించాలి. అంటే ఎవరి పని వాళ్లే సమీక్షించుకుంటారు. అందులో బయటి కళ్లు ఏవైనా ఉంటే, అవి అనధికార సభ్యులవే. డివిజన్ స్థాయిలో కూడా ఇలాంటి కమిటీ ఉండాలని తర్వాత నియమం చేర్చారు. 2022లో తిరువూరు డివిజన్ అయింది. మరి ఆ కమిటీలో మన తరఫున ఉన్నదెవరో ఈ సభలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి చూద్దాం!

ఇప్పుడు మాదిగ పేటలో కాలు పనిచేయని ఒక అక్క ఉందనుకోండి. ఇంటి స్థలం రాలేదని ఎస్సీ వాళ్ల ఆఫీసుకు పోతే, వికలాంగుల ఆఫీసుకు పొమ్మంటారు. అక్కడికి పోతే, ఎస్సీ కోటాలో అడగమంటారు. చట్టం మాత్రం ఇళ్ల, భూముల కేటాయింపుల్లో 5 శాతం వికలాంగులకివ్వాలి, అందులో ఆడవాళ్లకు ముందు ఇవ్వాలి అంటోంది. రాష్ట్ర వికలాంగుల సలహా బోర్డులో సంఘాల తరఫున పదిమందిని వేయాలి. వాళ్లలో కనీసం అయిదుగురు ఆడవాళ్లుండాలి, ఎస్సీ ఒకరు, ఎస్టీ ఒకరు ఉండి తీరాలి. ఆ ఎస్సీ కుర్చీ ఈ అక్క కోసం పెట్టింది. 2024 జూలై నుంచి పింఛను 6,000 అయింది. 2025లో సదరం సర్టిఫికెట్లు మళ్లీ తనిఖీ చేసి నోటీసులిచ్చారు. ఆ రోజుల్లో ఆ కుర్చీ నుంచి మన పేటల మాట ఎవరు మాట్లాడారు?

"మనవాడికి పదవొస్తే సంతోషించక నిలదీస్తారేంటి?" అని కొందరంటారు. అయ్యా, మనం అడిగింది రాజ్యాధికారంలో వాటా. ఒక మనిషికి కారూ, గన్‌మనూ కాదు. మనవాడు కాబట్టే గట్టిగా అడుగుతాం. "చదువుకున్నవాళ్లు తక్కువ, అందుకే ఒక్కరికే నాలుగు కమిటీలు" అని ఇంకొందరంటారు. ఆ కాలం పోయింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, నా తర్వాత మన పేటల్లో ఎంతమంది చదివారో లెక్కపెట్టండి. చూపు లేకపోయినా బి.ఇడి. చేసిన పిల్లలున్నారు. కుర్చీలు వాళ్లకివ్వండి.

కాబట్టి మనం అడగాల్సినవి నాలుగు. ఒకటి, శాఖ నడిపేవాళ్లకు ఆ శాఖ మీద కాపలా పదవి అదనంగా కూడా ఇవ్వొద్దు. రెండు, అనధికార సభ్యుల్లో ఒక మనిషికి ఒకే కుర్చీ. వేసిన పేర్లు పంచాయతీ గోడ మీద రాయాలి. మూడు, ఎప్పుడు కూర్చున్నారు, ఎవరు రాలేదు, ఏం తేల్చారు అన్నది తెలుగులో బయటపెట్టాలి. నాలుగు, మీటింగులు మేడ మీద పెట్టొద్దు. చక్రాల కుర్చీ పోలేని గదిలో వికలాంగుల హక్కులేం తేలుస్తారు?

వీటికి ఆయుధం మన చేతిలోనే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబివ్వాలి. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఫీజు లేదు. కమిషనర్ ఏటా ఇచ్చే నివేదికను అసెంబ్లీలో పెట్టాలని చట్టంలోనే ఉంది. పెట్టారా, పెడితే ఏ రోజు పెట్టారు అని మన ఎమ్మెల్యేనే అడుగుదాం. ఇవాళ సభ అయిపోగానే ఎవరూ వెళ్లిపోవద్దు. కాగితాలు తెచ్చాను. రాయడం రానివాళ్లకు నేను రాసిపెడతాను, వేలిముద్ర మీరు వేయండి. సోమవారం అర్జీల రోజున అందరం కలిసే తిరువూరు పోదాం.

జై భీమ్!