ట్రాక్టరు వెనుక ఇరుసు: క్రౌను, పినియను మార్చిన పిమ్మట వచ్చు లోపములు
(నల్లజర్లలో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను పంటల పాఠములు చెప్పువాడనే గాని యంత్రములు విప్పువాడను గాను. అయినను ఈ దినమున ట్రాక్టరు వెనుక ఇరుసును గురించి మాటలాడుటకు కారణము కలదు. 2022 సార్వాలో ఈ ఊరనే ఉన్న మా బావగారి ట్రాక్టరు తాడేపల్లిగూడెము దిగువ పల్లెలకు దమ్ముకు పోయి, చేలోనే నిలిచిపోయినది. విప్పి చూడగా క్రౌను పళ్లు విరిగియున్నవి. పినియను చూపునకు బాగుగనే ఉన్నదని, క్రౌను మాత్రము క్రొత్తది వేయించినారు. మరునాటి నుండి గుయ్యిమని మ్రోత బయలుదేరినది. "క్రొత్త గేరు గదా, అరిగి సర్దుకొనును" అని షెడ్డులో చెప్పిరి. అయిదవ దినమున రెండును చెడినవి. మొత్తము పదునారు దినములు పోయినవి. మడిలో నారు ముదిరినది. ఖర్చు రెండింతలైనది. ఇట్టి నష్టము మీకు కలుగకుండుటకే ఈ నాలుగు మాటలు.

ఎడ్లబండి సంగతి మీకు తెలియును. ఇరుసు కదలదు, చక్రములు దేనికది తిరుగును. అందుచేత మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము పోయినను ఇబ్బంది లేదు. ట్రాక్టరులో అట్లు గాదు. ఇంజను శక్తి రెండు చక్రములకు పోవలెను, మలుపులో అవి వేరువేరు వేగముల తిరుగవలెను. ఈ పని చేయునదే డిఫరెన్షియలు. పినియను క్రౌనును త్రిప్పును. క్రౌనుతో కూడ తిరుగు చిన్న స్టారు గేర్లు ఆ శక్తిని రెండు ప్రక్కలకు పంచును. ఒక చక్రము బురదలో ఆగిపోయినచో రెండవది రెట్టింపు వేగమున తిరుగును. దమ్ములో కేజీ వీల్సు వేసి, ఒంటి బ్రేకు త్రొక్కి మాటిమాటికి మలుపు త్రిప్పినప్పుడు ఈ స్టారు గేర్ల మీదనే భారమంతయు పడును.

ఇక క్రౌను, పినియను మార్చునప్పుడు గమనింపవలసిన ముఖ్య విషయములు:

1. ఈ రెండును జతగా అరగదీసి తయారు చేయబడినవి. రెండింటి మీదను ఒకే జత అంకె చెక్కబడియుండును. ఆ అంకె చూచి జతగానే కొనవలెను. జత కాని గేర్లు అరిగి సర్దుకొనవు, అరిగి చెడిపోవును.

2. పళ్ల లెక్క పాతదానితో సరిచూడవలెను. పినియనుకు 8, క్రౌనుకు 40 పళ్లున్నచోట 9కి 40 వేసినచో బండి వేగము ఎనిమిదింట ఒక వంతు పెరుగును, లాగు బలము ఆ మేరకు తగ్గును. నాలుగు చక్రములు లాగు ట్రాక్టరులో వెనుక లెక్క మాత్రము మారినచో ముందు చక్రములతో పొత్తు చెడి, టైర్లు, గేర్లు వేగముగ అరుగును.

3. పాత షిమ్ములనే తిరిగి వేసి ఊరుకొనరాదు. ప్రతి జతకును పినియను లోతు వేరు. క్రౌను పళ్లకు నీలి రంగు పూసి త్రిప్పి చూడవలెను. ముద్ర పంటి నడుమ పడిన సరియే. పంటి కొనకు పడినచో పినియను దూరముగ ఉన్నదని, మొదట పడినచో మిక్కిలి లోనికి పోయినదని గ్రహింపవలెను. పళ్ల మధ్య వదులును డయలు గేజితో కొలిపించి, కంపెనీ పుస్తకములోని అంకెతో సరిచూడుడు. చేతి అందాజు చాలదు.

బిగించిన పిమ్మట చెవి పెట్టి వినుడు. లోడు లాగునప్పుడు గుయ్యిమన్నచో పళ్ల అమరిక సరిలేదు. ముందుకు, వెనుకకు మార్చునప్పుడు టక్కుమన్నచో వదులు హెచ్చినది, లేదా ఇరుసు గాళ్లు అరిగినవి. మలుపులో మాత్రమే మ్రోత వచ్చినచో స్టారు గేర్లను అనుమానింపుడు. హౌసింగు చేయి పెట్టలేనంత వేడెక్కినచో బేరింగులు అతిగా బిగిసినవి, లేదా ఆయిలు తక్కువైనది. ఆయిలు పాలవలె తెల్లబడినచో సీలు చెడి నీరు చేరినదన్నమాట. దమ్ము చేసిన ప్రతి ట్రాక్టరుకును ఈ పరీక్ష తప్పనిసరి.

మరియొక సంగతి. చాల ట్రాక్టర్లలో గేరుబాక్సుకు, డిఫరెన్షియలుకు, హైడ్రాలిక్కుకు ఆయిలు ఒక్కటే. విరిగిన పంటి తునక ఒక్కటి మిగిలినను అది హైడ్రాలిక్ పంపును చెరచును. మా బావగారికి కలిగిన రెండవ నష్టము ఇదియే. కనుక హౌసింగును డీజిలుతో కడిగించి, ఫిల్టరు మార్పించి, క్రొత్త ఆయిలు పోయవలెను. మొదట తేలిక పని చేయించి, పుస్తకములో చెప్పిన గంటలకు, అది తెలియనిచో 50 గంటలకు, ఆయిలు దింపి చూడుడు. సన్నని లోహపు పొడి సహజము. తునకలు కనబడినచో పని నిలుపుడు.

డిఫరెన్షియలు లాకును చక్రము జారునప్పుడు తిన్నగా పోవుటకే వాడుడు, మలుపునకు ముందు విడువుడు. చక్రము విప్పునప్పుడు జాకీ ఒక్కదానినే నమ్మక, గట్టి దిమ్మలు పెట్టి, ముందు చక్రములకు అడ్డు వేయుడు. ఇరుసు క్రింద మనిషి ప్రాణమున్నది.

ఇంతచేసినను ఆలస్యమై నారు ముదిరినచో దిగులు పడి ఊరకుండవలదు. కుదుళ్లు దగ్గరగా, కుదురుకు 4-5 మొక్కల చొప్పున నాటి, నత్రజనిలో 70 శాతము దమ్ములోను, 30 శాతము అంకురము దశలోను వేయుడు. కొంత నష్టమైనను తగ్గును.

బండి ఇరుసుకు కందెన వేయనిదే మన పెద్దలు గడప దాటలేదు. ఆ శ్రద్ధయే ట్రాక్టరు మీదను చూపుడు. కాలువకు నీరు రాకముందే, ఈ వేసవిలోనే, మీ ట్రాక్టరు ఆయిలు ఒకసారి దింపి చూచుకొనుడని కోరుచు, సెలవు తీసుకొనుచున్నాను.