సేవ కాదు, పని
కువైట్ నుంచి తిరిగొచ్చిన మన అక్కల గురించి

(డిసెంబరు 5న చిత్తూరు దగ్గర ఒక వాడలో జరిగిన సభలో మాట్లాడిన దానికి రాతరూపం)



మొన్న మూడో తేదీ వికలాంగుల దినం. 1992లో ఐక్యరాజ్యసమితి పెట్టింది. రేపు ఆరో తేదీ బాబాసాహెబ్ వర్ధంతి. మూడో తేదీన ఆఫీసర్లు మూడు చక్రాల బండ్లు పంచి ఫోటోలు దిగుతారు. ఆరో తేదీన మనం విగ్రహానికి పూలమాల వేసి ఇంటికి పోతాం. ఈ రెండు దినాల నడుమ ఎవరికీ పట్టని మనుషులు కొందరున్నారు. మన వాడల నుంచి కువైట్‌కు పోయి, అక్కడి ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళని, మాటరాని పిల్లల్ని, లేవలేని ముసలివాళ్ళని ఏళ్ళ తరబడి సాకి తిరిగొచ్చిన ఆడవాళ్ళు వాళ్ళు. మేము ఈరోజు మాట్లాడేది వాళ్ళ గురించే.

పీలేరు, మదనపల్లె, రాయచోటి, రాజంపేట. ఈ పట్టీలో కువైట్‌కు మనిషి పోని ఊరు దొరకడం కష్టం. వానలు పడక చెనిక్కాయ పంట పోయినప్పుడల్లా, బోరు ఎండిపోయినప్పుడల్లా విమానం ఎక్కేవాళ్ళు పెరుగుతారు. భూమి ఉన్నోడు భూమి తాకట్టు పెట్టి పోతాడు. భూమి లేని వాడ నుంచి ఆడమనిషి పోతుంది, వడ్డీకి తెచ్చిన అప్పుతో. పదో తరగతి పాసు కాలేదు కాబట్టి ఆమె పాస్‌పోర్టుకు వలస తనిఖీ కావాల. ఇంటిపనికి పోవాలంటే ముప్పై ఏళ్ళు నిండాలని నిబంధన. ఆ నిబంధన ఆమెను కాపాడింది తక్కువ, ఏజెంటు జేబు నింపింది ఎక్కువ.

అక్కడ ఆమె పేరు ఖద్దామా. వీసా మీద రాసేది ఇంటిపని. పోయినాక తెలుస్తుంది, ఆ ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉన్నాడనో, పుట్టినప్పటి నుంచి మెడ నిలవని బిడ్డ ఉందనో. కువైట్ 2010లో చేసిన కార్మిక చట్టం ఇంటిపనివాళ్ళను బయటే పెట్టింది. 2015లో వాళ్ళకోసం 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల చొప్పున జీతం ఇవ్వాల. 2016లో కనీస జీతం 60 దినార్లు అన్నారు. అమలు ఎట్లుందంటే, పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉన్నిందో వచ్చినోళ్ళనే అడగండి. అయినా కాగితం మీదన్నా అది పని అని రాసినారు, దానికి జీతం ఉందని రాసినారు. మన దేశం ఏం చేసింది? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివాళ్ళకోసం చేసిన 189వ ఒప్పందాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

ఆ ఇళ్ళలో మన అక్కలు ఏం నేర్చుకున్నారో మేము వాడవాడా తిరిగి అడిగినాం. మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడతాయని వాళ్ళకు తెలుసు. మింగడం కష్టమైన బిడ్డకు పడుకోబెట్టి అన్నం పెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుందని తెలుసు. బరువైన మనిషిని లేపాలంటే నడుము వంచకూడదు, మోకాళ్ళు వంచి దగ్గరికి తీసుకోవాలని తెలుసు. మూత్రం సంచి మంచం కంటే కిందికే ఉండాలని తెలుసు. మాటరాని పిల్లోడు ఎందుకు కొట్టుకుంటాన్నాడో, ఆకలికా, నొప్పికా, గోలకా అని కళ్ళు చూసి చెప్పగలరు. దీన్ని కాలేజీలో నేర్పితే కోర్సు అంటారు. మనవాళ్ళు నేర్చుకొస్తే లెక్కలోకి రాదు.

ఇట్లా తిరిగొచ్చిన ఒకామె మా బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఒకరోజు నాలుగో తరగతి పిల్లోడికి ఫిట్స్ వచ్చినాయి. చుట్టూ చేరినవాళ్ళు చేతిలో ఇనుము పెట్టండి, తాళాలు తెండి అని పరుగులు పెడతాండారు. ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చింది. పిల్లోడిని పక్కకు తిప్పింది. చొక్కా గుండీలు విప్పింది. తల కింద తన కొంగు మడిచి పెట్టింది. నోట్లో ఏమీ పెట్టొద్దంది. గడియారం చూసి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి, లేకుంటే భయం లేదంది. అది తగ్గింది. పిల్లోడు నిద్రపోయినాడు. ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆమెకు బడి ఇచ్చేది నెలకు 3000 రూపాయలు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆమె చేతి అన్నం తినకుండా ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకునే పిల్లలు కూడా ఆ బడిలోనే ఉన్నారు.

ఇప్పుడు ఇంటికి రావడం గురించి మాట్లాడదాం. ఆమె పంపిన డబ్బుతో మిద్దె పడింది, అప్పు తీరింది, ఆడబిడ్డ పెళ్ళి జరిగింది. ఆ మిద్దె నీడలో కూర్చున్నవాళ్ళే అంటారు, "ఎవురెవురి ఉచ్చా పియ్యీ ఎత్తి సంపాదించిందో" అని. ఆ డబ్బుకు మైల లేదు, ఆమె చేతికి మాత్రం ఉంది!

ఇంకో అక్క సొంత బిడ్డే నడవలేదు. ఆ బిడ్డ వైద్యానికైన అప్పు కోసమే కువైట్‌కు పోయింది. బిడ్డను ముసలితల్లి దగ్గర విడిచి, ఇంకొకరి బిడ్డను ఆరేళ్ళు సాకింది. ఆమె మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఆడ శేటు బిడ్డికి ముద్ద పెట్టేటప్పుడంతా, ఈడ నా బిడ్డికి ఎవురు పెడతాండారో అని గొంతు పట్టుకుంటా ఉన్నింది సార్." తిరిగొచ్చేసరికి బిడ్డ కాళ్ళు ముడుచుకుపోయి బిగుసుకున్నాయి. రోజూ సాగదీసి వంచాలని ఆమె కువైట్‌లో నేర్చుకుంది. ఆ నేర్పు అవసరమైన ఆరేళ్ళూ ఆ చేతులు అమ్ముడుపోయినాయి. దీన్ని తలరాత అంటారా? మేము అనం.

పట్నాల్లో ఇప్పుడు కేర్‌టేకర్లు కావాలంటున్నారు. పిల్లలు అమెరికాలో ఉంటారు, పెద్దవాళ్ళు తిరుపతిలో ఉంటారు. ముందు కులం అడుగుతారు. దొరక్కపోతే సర్దుకుంటారు. అవ్వకు ఒళ్ళు తుడవడానికి మన చెయ్యి పనికొస్తుంది. అదే అవ్వకు కాఫీ కలపడానికి పనికిరాదు. కులం పనిని పంచలేదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడగొట్టిందని అంబేడ్కర్ 1936లోనే తేల్చినాడు. ఆ మెట్టు ఇప్పుడు స్నానాల గదికీ వంటగదికీ నడుమ ఉంది.

పక్కనే వేలూరు. మనవాళ్ళంతా ఎరిగిన ఆసుపత్రి. అక్కడి డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. ఆస్ట్రేలియాలో, న్యూయార్క్‌లో పునరావాస వైద్యం నేర్చుకుని తిరిగొచ్చింది. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం మొదలైంది. మన జిల్లా వాళ్ళు ఎందరో అక్కడ మళ్ళీ కూర్చోవడం, బండి తోసుకోవడం నేర్చుకున్నారు. ఆమెకు మేము చేతులెత్తి మొక్కుతాం. కానీ ఒకటి చూడండి. చదువుకున్న మనిషి విదేశం నుంచి విద్యతో తిరిగొస్తే దాని చుట్టూ ఒక సంస్థ లేచింది. మన అక్క అదే శరీరాన్ని సాకే విద్యతో తిరిగొస్తే మళ్ళీ టమాటా కోతకే పోయింది. 1992 పునరావాస మండలి చట్టం కింద సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే నిపుణులు. సర్టిఫికెట్‌కు చదువు కావాల. ఆ చదువును వాడకు అందకుండా చేసింది ఎవరు?

కొందరు మిత్రులు అంటారు, ఇది సేవ, దీనికి వెల కట్టకూడదని. విదేశాల్లో అట్లాంటి చోట్లూ ఉన్నాయి. హిట్లర్ పాలన నుంచి పారిపోయి వచ్చిన డాక్టర్ కార్ల్ కోనిగ్, 1940లో స్కాట్లాండులో క్యాంప్‌హిల్ మొదలుపెట్టినాడు. వికలాంగులు, వాళ్ళతో పనిచేసేవాళ్ళు ఒకే ఇంట్లో బతకడం, జీతం లెక్క లేకపోవడం అక్కడి పాత పద్ధతి. ఫ్రాన్సులో జాన్ వానియే 1964లో లార్ష్ పెట్టినాడు. దాని ఇల్లు బెంగుళూరులో 1970 నుంచి ఆశా నికేతన్ పేరుతో ఉంది. ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడం గొప్ప సంగతే. ఆ బల్ల మనకూ కావాల. కానీ వానియేను బతికినన్నాళ్ళు సాధువన్నారు. 2019లో చనిపోయినాక, 2020లో ఆ సంస్థే వేయించిన విచారణలో, ఆయన తనను నమ్మి వచ్చిన ఆడవాళ్ళను లైంగికంగా వాడుకున్నాడని తేలింది. పుణ్యం పేరుతో నడిచేచోట అడిగేవాళ్ళు ఉండరు. అందుకే మాకు సాధువులు వద్దు, చట్టం కావాల. స్వీడన్‌లో 1994 నుంచి తీవ్ర వైకల్యం ఉన్న మనిషికి సహాయకులను పెట్టుకునే హక్కు చట్టంలో ఉంది, జీతం ప్రభుత్వ సొమ్ము. మంచంలో ఉన్న మనిషికి గౌరవం, పనిచేసే మనిషికి జీతం, రెండూ కలిసే వస్తాయి.

మన సర్కారు పేర్లు పెడుతుంది. 2015 చివర్లో వికలాంగులను దివ్యాంగులు అనమన్నారు. ఈ మందు మనకు తెలిసిందే. మనల్ని ఒకప్పుడు హరిజనులు అన్నారు. పేరులో దేవుణ్ణి పెట్టడానికి పైసా ఖర్చు కాదు!

హక్కు అయితే కాగితం మీద ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైనవాళ్ళకు సంరక్షకుల భత్యం ఇవ్వాలనే మాట ఉంది. మన రాష్ట్రంలో 2024 నుంచి వికలాంగుల పింఛను 6000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15000 చేసినారు. మంచిదే. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1994లో పుట్టిన మాదిగ దండోరాను నడిపిన మంద కృష్ణ మాదిగ నాయకత్వంలోనే వికలాంగులు పింఛను కోసం రోడ్డెక్కినారు. దళిత ఉద్యమానికి, వికలాంగుల ఉద్యమానికి చుట్టరికం అప్పటిది. అయితే పింఛను మంచంలో ఉన్న మనిషిది. ఆ మంచం పక్కన రాత్రింబగళ్ళు నిలబడిన తల్లి పని ఇంకా ఏ ఖాతాలోనూ లేదు.

కాబట్టి మేము అడిగేది ఇది. ఒకటి, సంరక్షకుల భత్యాన్ని పింఛనులో కలిపేయకుండా విడిగా, సాకే మనిషి పేరు మీద ఇవ్వాల. రెండు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళకు చదువుతో పని లేకుండా, చేతిపని చూసి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాల. మూడు, ప్రతి మండలంలో అట్లాంటివాళ్ళను జీతం మీద పెట్టి, మంచాన పడ్డవాళ్ళున్న ఇళ్ళకు పంపాల. ఆశా కార్యకర్తలకు చేసినట్టు స్వచ్ఛంద సేవ అని పేరు పెట్టి ఎగ్గొట్టడం కుదరదు. నాలుగోది సర్కారుకు కాదు, మనకు. అంబేడ్కర్ భవనం ఎక్కడ కట్టినా మెట్ల పక్కన వాలుదారి ఉండాల. మంచాన ఉన్న మనిషికి ఒళ్ళు తుడిచే పని ఇంట్లో మగవాళ్ళూ నేర్చుకోవాల. నేర్పేవాళ్ళు మన వాడలోనే ఉన్నారు.

ఈ సభలో కువైట్ పోయి వచ్చిన అక్కలు ఉన్నారని మాకు తెలుసు. సభ అయినాక కాగితం, కలం పెట్టుకుని ఇక్కడే కూర్చుంటాం. ఎన్నేళ్ళు, ఎవరిని, ఏ జబ్బుతో ఉన్నవాళ్ళను సాకినారో చెప్పండి, రాసుకుంటాం. ఆ జాబితా పట్టుకునే కలెక్టరు ఆఫీసుకు పోదాం. రేపు పూలమాల వేసినాక ఇంటికి పోవద్దు.

జై భీమ్.