మత్తు సూదికి ముందు చెప్పవలసిన మాట
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటిజం ఉన్న పిల్లవాడికి పన్ను పుచ్చితే ఇంటిల్లిపాదికీ ఒకటే దిగులు. "మత్తిస్తే వీడికి పడుతుందా? వచ్చిన నాలుగు మాటలూ పోతాయేమో!" అని. ఆటిజం అనేది మెదడు ఎదుగుదలలోనే ఉన్న తేడా. పంటికిచ్చే మత్తు వల్ల అది వస్తుందని రుజువు కాలేదు.

ఈ పిల్లలకు సూదికంటే ముందు కుర్చీయే భయం. కళ్లలో పడే లైటు, మిషను రొద, మందు వాసన, ముఖం మీద కొత్త చెయ్యి. అందుకని ముందొకరోజు ఊరికే తీసుకెళ్లి అన్నీ చూపించి రండి.

చిగుళ్ళకిచ్చే లిగ్నోకైన్ సూదికి నిజమైన ఎలర్జీ చాలా అరుదు. అసలు తంటా తర్వాతే. పెదవి, బుగ్గ రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటాయి. నొప్పి తెలియక పిల్లవాడు కొరుక్కుంటే పుండవుతుంది. తిమ్మిరి వదిలేదాకా తిండి పెట్టకండి, కళ్లెదుటే ఉంచుకోండి.

కొందరికి పూర్తి మత్తు తప్పదు. 1888, 1889లలో నిజాం హయాంలో హైదరాబాదులో పనిచేసిన క్లోరోఫాం కమిషన్లు, మత్తిచ్చేవారు ఊపిరి మీద కన్నుంచాలని గట్టిగా చెప్పాయి. నేడు గుండెనూ, రక్తంలోని ఆక్సిజన్‌నూ కూడా మిషన్లు కనిపెడుతుంటాయి. కనుక పన్ను చూసే డాక్టరు కాక, మత్తు చూసే డాక్టరు వేరే ఉన్నచోటికే వెళ్లాలి. మెలకువ వచ్చేటప్పుడు కొందరు పిల్లలు అరుస్తారు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు. సాధారణంగా కాసేపట్లో సర్దుకుంటుంది. ఆ సమయానికి అమ్మ గొంతు వినబడాలి.

పాలు, తిండి 6 గంటల ముందునుంచి, మంచినీళ్లు 2 గంటల ముందునుంచి మానాలి. ఏడుస్తున్నాడని చాటుగా బిస్కెట్ పెట్టి దాచారో, వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పెడితే పెట్టామని చెప్పండి. వాయిదా వేస్తారు, అంతే.

ఫిట్స్ మందు గాని, రిస్పెరిడోన్ గాని, నాటుమందు గాని వాడుతుంటే చీటీ రాసి ఇవ్వండి. బి12 లోపం ఉంటే తప్పక చెప్పండి. నవ్వు గ్యాసనే నైట్రస్ ఆక్సైడ్ ఆ విటమిన్‌ను పనిచేయనివ్వదు.

అక్కచెల్లెళ్ల సంబంధాలు చెడతాయని కొందరు ఆటిజం మాటే డాక్టరు దగ్గర దాస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టమే దాన్ని గుర్తించింది; ఇక దాపరికమెందుకు? బజారులో చెప్పకపోతే పోయె, మత్తిచ్చే డాక్టరుకు మాత్రం అన్నీ చెప్పండి. నోరు లేని బిడ్డకు మీ నోరే ఆధారం.

సెలవు.