మీ ఫోను తాళం ఎవరికీ ఇవ్వకండి
(ఐన్ ఖాలిద్‌లో కార్మిక సోదరులకు చేసిన ప్రసంగ పాఠం)



గదిలో మీ పెట్టెకి తాళం వేసుకుంటారు. కాని జీతం ఇప్పుడు పెట్టెలో లేదు. కత్తర్‌లో 2015 నుండి కార్మికుల జీతాలు బ్యాంకు ద్వారా ఇవ్వాలని నియమం వచ్చింది. ఆ ఖాతా తాళం మీ ఫోనులో ఉంటుంది.

దూరాన ఉండి ఇంకొకరి కంప్యూటరును, ఫోనును చూసే, నడిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. రిపేరు పనికి మంచివే. వీటితో ప్రమాదం రెండు రకాలు.

మొదటిది, సాఫ్ట్‌వేరులోనే లోపం. పాత విండోస్ కంప్యూటర్లలో పాస్‌వర్డ్ లేకుండానే బయటివాడు దూరే లోపం ఉందని 2019 మే నెలలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దానికి "బ్లూకీప్" అని పేరు పడింది. ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా అప్పుడు అప్‌డేట్ ఇచ్చారంటే ఎంత పెద్ద లోపమో చూడండి. అందుచేత గదిలో అందరూ వాడే పాత కంప్యూటరులో బ్యాంకు పని చేయకండి.

రెండవది, మనమే తలుపు తీయడం. "బ్యాంకు నుండి మాట్లాడుతున్నాం, మీ బతాకా బ్లాక్ అయింది, ఈ యాప్ వేసుకోండి, నంబరు చెప్పండి" అంటాడు. ఆ నంబరు చెప్పి, అనుమతి నొక్కితే మీ తెర వాడికి కనబడుతుంది. మీకు వచ్చే ఓటీపీ వాడూ చదువుతాడు. ఎనీడెస్క్ యాప్‌తో ఇట్లాగే మోసం చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలో మన రిజర్వు బ్యాంకు హెచ్చరించింది.

గుర్తు పెట్టుకోండి:

1. ఫోనులో ఎవరో చెప్పారని ఏ యాప్ వేయవద్దు.
2. ఓటీపీ, పిన్, తెర మీద నంబరు ఎవరికీ చెప్పవద్దు.
3. పొరపాటు జరిగితే వెంటనే నెట్ ఆపండి. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి. ఆ యాప్ తీసేయండి.
4. ఇక్కడి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. ఇండియా ఖాతా అయితే ఇంటివాళ్ళ చేత 1930కి ఫోన్ చేయించండి.

సిగ్గుపడి దాచిపెట్టవద్దు. మన తప్పు వల్ల డబ్బు పోయినా, బ్యాంకుకు చెప్పిన తరువాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. అంటే ఇండియా ఖాతాలో మీరు ఆలస్యం చేసిన ప్రతి నిమిషం మీ సొమ్మే పోతుంది.

మీ పక్క బెడ్డు మీద ఉన్న, చదువు రాని సోదరుడికి కూడా ఈ మాట చెప్పండి.