నీటి లెక్క, ప్రజల విచారణ

(మన సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. ఇంజనీర్లము కాము, వకీళ్ళము కాము. నీళ్ళ గురించి, కంప్యూటర్ లెక్కల గురించి వీరు మాట్లాడటమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. కాని ఓరుగల్లు గాలి పీల్చినవాడు చెరువు సంగతి మనకెందుకని అనలేడు. 2020 ఆగస్టులోను, మళ్ళీ 2023 జులైలోను నాలాలు పొంగి బస్తీలు మునిగినప్పుడు బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు నెత్తిన పెట్టుకొని బయటపడ్డ కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. నీళ్ళు తీసిన తరువాత ప్రతిసారీ ఒకే ప్రశ్న వస్తుంది: ఇది ఎవరి తప్పు? ప్రతిసారీ విచారణ చేయాలంటారు. ఆ విచారణ దేని ఆధారంతో జరగాలన్నదే ఈనాటి మా విషయము.

మేము చెప్పదలచినది ఒక్కటే మాట. నీటికి లెక్క ఉండాలి, ఆ లెక్క అందరి కళ్ళకు కనపడాలి. లెక్క లేనిచోట విచారణ అంటే ఒకరి మాట మీద ఇంకొకరి మాట. గట్టిగా అరిచినవాడిదే గెలుపు. లెక్క ఉన్నచోట బీదవాడు కూడా కాగితం చూపించి మాట్లాడగలడు.

మన పాత చరిత్ర నుండే ఒక ఉదాహరణ చెబుతాము. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసిన సంగతి పెద్దలు విన్నదే. ఆ మరుసటి సంవత్సరం నిజాం సర్కారు పిలుపు మీద మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి విచారణ చేశారు. ఆయన ముందుగా ఎవరినీ దోషిగా నిలబెట్టలేదు, లెక్క పెట్టారు. మూసీకి నీరు చేరే సుమారు 860 చదరపు మైళ్ళ ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగిపోయాయని తేల్చారు. శంషాబాదులో ఉన్న వానకొలత పాత్రలో 48 గంటల్లో దాదాపు 19 అంగుళాల వాన పడ్డట్టు రాసి ఉన్నది. ఆ అంకెలు చేతిలో ఉన్నందువల్లనే, నగరానికి పైన నీటిని ఆపే జలాశయాలు కట్టాలనే నిర్ణయానికి రాగలిగారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినవి. ఒక్క వానకొలత పాత్ర, ఒక చెరువుల జాబితా. వాటి విలువ ఎంతటిదో చూడండి. నిజాంసాగర్ నిర్మించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ వంటి ఇంజనీర్లు తయారైనది ఆ లెక్కల సంప్రదాయంలోనే. వారి పుట్టినరోజైన జులై 11ను 2014 నుండి తెలంగాణలో ఇంజనీర్ల దినముగా జరుపుతూ వచ్చారు.

ఇక మన జిల్లా సంగతికి వద్దాము. కాకతీయుల చెరువులు ఒంటరి చెరువులు కావు, గొలుసు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు వాగులో పడి కింది చెరువుకు చేరుతుంది. గణపతిదేవుని కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప చెరువు, జగదల ముమ్మడి నాయకుడు కట్టించిన పాకాల చెరువు ఎనిమిది వందల ఏండ్లుగా పంటలు పండిస్తున్నవి. కట్ట ఒక్కటే గట్టిగా ఉన్నందుకు అవి నిలిచినవా? కాదు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎన్ని గంటలు పారించాలి అనేది నీరటికి తెలుసు. ఏ సర్వే నంబరు ఏ చెరువు కింద పారుతుందో పట్వారీ పహాణీలో రాసేవాడు. సమాచార వ్యవస్థ అని ఇప్పుడు పెద్ద పేరు పెట్టుకున్నాము గాని, నీరటి జ్ఞాపకము, పట్వారీ దస్తరము కలిస్తే అదే ఆనాటి సమాచార వ్యవస్థ.

ఇక్కడ మన భాష ప్రసక్తి వస్తుంది. హైదరాబాదు సంస్థానంలో 1880ల తరువాత సర్కారు భాష ఉర్దూ అయినది. కనుక సేత్వార్లు, పాత పహాణీలు, పాత పటాల మీది రాతలు చాలావరకు ఉర్దూలో ఉన్నవి. చెరువులో నీళ్ళు నిండితే మునిగే భూమిని ఆ కాగితాల్లో 'షికం' అని రాశారు. షికం అంటే కడుపు. చెరువు కడుపు అన్నమాట. ఎంత చక్కని మాట! కడుపు నిండవలసిన చోట ఇండ్లు కడితే నీరు ఎక్కడికి పోవాలి? ఈనాడు చెరువు హద్దు మీద తగాదా వచ్చినప్పుడు ఆ పాత కాగితం తీస్తారు, కాని దాన్ని చదివేవారు కార్యాలయాల్లో తక్కువైపోయారు. షికస్తా రాత చదవగలిగిన మన పెద్దలు వెళ్ళిపోతే ఆ సాక్ష్యం మూగదైపోతుంది. ఉర్దూ నేర్చి ఏమి లాభమని మన పిల్లలను అడిగేవారికి మేము ఈ జవాబు చెబుతాము: మీ ఊరి చెరువు హక్కు పత్రం చదవటానికి పనికివస్తుందయ్యా!

పాత కాగితం ఒక కన్నయితే కొత్త యంత్రం రెండవ కన్ను. ఇస్రో వారి 'భువన్' 2009 నుండి ఆకాశం మీదినుండి తీసిన పటాలను చూపిస్తున్నది. వేర్వేరు సంవత్సరాల పటాలు పక్కపక్కన పెడితే చెరువు నీటి వెడల్పు ఎట్లా తగ్గినదీ, ఇండ్లు ఎప్పుడు లేచినదీ కనబడుతుంది. నదులు, జలాశయాలు, భూగర్భజలాల వివరాలను ఒకచోట చేర్చే జాతీయ వ్యవస్థ కూడా ఉన్నది. మన రాష్ట్రంలో మండలాల్లో వాటంతటవే వాన కొలిచే కేంద్రాలు పెట్టారు. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడినదని మనకు తెలిసినది అట్లాంటి కేంద్రం వల్లనే. రామప్ప గుడి ఉన్న మండలమే అది. ఆ రోజే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినది. ఆ వారంలోనే మన భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడినది.

వాన అంకె మనకు దొరికినది. సంతోషమే. కాని విచారణకు అది ఒక్కటే చాలదు. గంట గంటకు ఎంత వాన పడినది? ఆ రాత్రి ఏ చెరువులో ఎన్ని అడుగుల నీరు ఉన్నది? మత్తడి ఎప్పుడు దుంకినది? నయీంనగర్ నాలా, బొందివాగు పాత పటంలో ఎంత వెడల్పు, ఈనాడు ఎంత వెడల్పు? పూడిక తీసినట్టు బిల్లు ఏ తేదీది, పని ఏ తేదీది? హెచ్చరిక ఏ గంటకు వెళ్ళినది, బస్తీకి ఏ గంటకు చేరినది? ఈ ఆరు ప్రశ్నలకు తేదీలు, గంటలతో జవాబు ఒకే పట్టికలో పెడితే అది ప్రజా విచారణ అవుతుంది. లేకుంటే పరామర్శ అవుతుంది.

యంత్రం మీద గుడ్డి నమ్మకం కూడా పనికిరాదు. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో చెరువులు, కుంటలు 46,531 అని లెక్క చెప్పారు. 2023లో వెలువడిన మొదటి జాతీయ జలవనరుల గణనలో తెలంగాణ లెక్క 64 వేలు దాటినది. ఒకరు అబద్ధమాడారని కాదు. దేన్ని చెరువు అనాలో ఒక్కొక్క శాఖ ఒక్కొక్క రకంగా నిర్వచించుకుంటుంది. ఆ తేడాలో పడి మాయమయ్యేవి చిన్న కుంటలే. భూముల రికార్డులోనూ చూశాము. 2020 అక్టోబరులో ధరణి వచ్చినది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చినది. నడుమ తప్పులు దిద్దించుకోవటానికి రైతులు ఎన్ని మెట్లు ఎక్కారో పల్లెల్లో అడిగితే చెబుతారు. తప్పు కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే తప్పు పోదు, ఇంకా తొందరగా నలుదిక్కులా పాకుతుంది. అందుచేత మూడవ కన్ను కావాలి. అది మనిషి కన్ను, ఊరివాళ్ళ కన్ను.

ఊరివాళ్ళు లెక్క పట్టగలరా అంటారా? పట్టి చూపించారు. 2003 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, వాటిలో మన మహబూబ్‌నగర్, నల్లగొండ కూడా ఉన్నవి, రైతులే స్వయంగా వాన కొలిచి, బోరుబావుల్లో నీటి మట్టం కొలిచి గోడ మీద రాసుకున్నారు. వానాకాలం పోగానే ఊరంతా కూర్చొని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. వారిలో అక్షరం రాని ఆడవారు కూడా ఉన్నారు. లెక్క ఎదుట కనబడగానే చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. ఎవరూ లాఠీ పట్టుకొని చెప్పలేదు.

విచారణ విషయంలోనూ దారి వేసిన అనుభవం మనది. 2005 ఉపాధి హామీ చట్టం కింద 2006లో పని మొదలైన జిల్లాల్లో వరంగల్ ఒకటి. చెరువు పూడికతీతలు ఆ పనుల్లో ముఖ్యమైనవి. కంప్యూటర్‌లో ఎక్కిన మస్టర్లను ముద్రించి, ఊరి యువకులకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికి తిరిగి, మట్టి తీసిన గుంత కొలిచి, చివరకు మండలంలో అందరి ముందు చదివి వినిపించేవారు. దాన్నే సామాజిక తనిఖీ అన్నారు. 2009లో దానికోసం ఒక ప్రత్యేక సంఘమే ఏర్పడినది. కంప్యూటర్ కాగితము, కూలీ నోటిమాట ఎదురెదురుగా నిలబడినప్పుడు నిజం బయటపడుతుందని అప్పుడు తెలిసినది.

ఇందులో మన బీదవారి ప్రయోజనం ఎక్కడున్నదో గట్టిగా చెప్పవలెను. చెరువు షికంలోను, నాలా ఒడ్డునా జాగా కొన్నవాడు తరచుగా ఆటో నడుపుకునేవాడు, పండ్ల బండి పెట్టుకునేవాడు. నోటరీ కాగితం చూసి, చవకగా వస్తున్నదని, బిడ్డ పెళ్ళికి దాచిన సొమ్ము పెట్టి కొంటాడు. అమ్మినవాడు వెళ్ళిపోతాడు. వాన వస్తే మునిగేది కొన్నవాడే, కూల్చివేత వస్తే రోడ్డున పడేది కొన్నవాడే. 2024లో హైదరాబాదులో హైడ్రా పేరుతో కూల్చివేతలు మొదలైనప్పుడు ఆ బాధ అందరూ చూశారు. చెరువు బతకాలి, అందులో సందేహం లేదు. కాని విచారణ అంటూ జరిగితే కొన్నవాడి దగ్గర ఆగిపోరాదు. అమ్మినవాడు, లేఅవుట్ వేసినవాడు, అనుమతి ఇచ్చినవాడు, కరెంటు మీటరు బిగించినవాడు, అందరి తేదీలూ ఆ పట్టికలో రావాలి. హద్దుల పటం ముందే అందరికీ కనబడి ఉంటే ఆ బీదవాడు మోసపోయేవాడే కాదు గదా!

కనుక మా సూచనలు నాలుగు.

మొదటిది, జాగా కొనేముందు అడగటం. నగరపాలక పరిధిలో పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు నిండు నీటి హద్దు, అదే ఎఫ్.టి.ఎల్., నుండి 30 మీటర్లు, అంతకంటె చిన్నవాటికి 9 మీటర్లు వదలాలని 2012 భవన నియమాల్లో ఉన్నది. ఈ రెండు అంకెలు మన బస్తీల్లో ప్రతి ఇంటికి తెలియాలి.

రెండవది, సమాచార హక్కు చట్టం వాడటం. అది 2005 అక్టోబరు 12 నుండి అమలులోకి వచ్చినది. దరఖాస్తు తెలుగులో తెల్లకాగితం మీద రాస్తే చాలు. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, తెల్లకార్డు వారికి అది కూడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాకపోతే పై అధికారికి అప్పీలు. కాని అడగటం తెలియాలి. 'చెరువు ఎందుకు ఆక్రమించారు' అని అడిగితే జవాబు రాదు. 'ఫలానా సర్వే నంబరు సేత్వార్ నకలు, ఎఫ్.టి.ఎల్. పటం, ఫలానా సంవత్సరంలో పూడికతీత కొలతల పుస్తకం నకలు ఇవ్వండి' అని అడిగితే ఇవ్వక తప్పదు.

మూడవది, మన సంఘం ఒక చిన్న దస్తరం పెట్టవలెను. ఉర్దూ చదివే పెద్ద ఒకరు, కంప్యూటర్ తెలిసిన విద్యార్థి ఒకరు పక్కపక్కన కూర్చుంటే చాలు. పాత కాగితం ఒకరు చదవాలి, కొత్త పటం ఒకరు తీయాలి. కులమతాలు చూడకుండా వచ్చినవారందరికీ చూపించాలి. నీరు ఇల్లు చూసుకొని రాదు, మన సేవ కూడా చూసుకొని పోరాదు.

నాలుగవది, బడుల్లో పిల్లలచేత లెక్క పట్టించటం. ఒక వానకొలత పాత్ర, ఒక నోటుబుక్కు, నాలా గోడమీద అడుగుల గీతలు. ఖర్చు కొద్దిపాటిది. రేపు విచారణ వచ్చిననాడు మన బస్తీ దగ్గర తన సొంత లెక్క ఉంటుంది.

సోదరులారా! శంషాబాదులో ఎవరో ఒక గుమస్తా ఆ వాననాడు కూడా తప్పకుండా అంకె రాసిపెట్టాడు. అతని పేరు మనకు తెలియదు. అతడు రాసిన అంకె మాత్రం ఒక మహానగరాన్ని కాపాడే పనికి ఆధారమైనది. అటువంటి గుమస్తాలు మన ప్రతి బస్తీలో ఒక్కొక్కరు కావాలి. ఆ పనికి ముందుకు వచ్చే యువకులు ఈ సభ ముగిసిన తరువాత సంఘం కార్యదర్శిగారి వద్ద పేరు రాయించుకోవలసినదిగా కోరుతున్నాము.