కొన్న పుస్తకము ఎవరిది?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ సమయమున ఊరి యువకులలో ఒక ఆలోచన బయలుదేరినది. బీరువాలు నిండిపోయినవి, క్రొత్త పుస్తకములకు చోటు చాలదు, మరియొక బీరువా చేయించుటకు మారుగా ఆ సొమ్ముతో ఎలక్ట్రానిక్ పుస్తకములు చదువుకొను యంత్రములు కొన్ని కొనవచ్చును గదా యని వారి వాదము. ఈ మాట వినగానే పెద్దలలో కొందరు ముఖము చిట్లించుకొనిరి. అది న్యాయము కాదు. క్రొత్తదియగుటయే దోషమైనచో అచ్చుయంత్రము వచ్చిన నాడు తాటియాకుల వారును అట్లే అనియుందురు.

యువకుల వాదమున బలము లేకపోలేదు. అమెరికాలోని అమెజాన్ కంపెనీ కిండిల్ అను పఠన యంత్రమును 2007 నవంబరులో 399 డాలర్ల వెలకు మొదటిసారి అమ్మకమునకు పెట్టినపుడు, ఉన్న సరకంతయు ఆరు గంటలు గడువకముందే చెల్లిపోయెను. చేతిలో ఇమిడెడి ఆ యంత్రములో వందలకొలది పుస్తకములు పట్టును. చత్వారము వచ్చినవారు అక్షరములను కావలసినంత పెద్దవి చేసికొనవచ్చును. చెదలు, ఎలుకలు, ఎరవు తీసికొనిపోయి తిరిగి ఈయని మిత్రులు అను మూడు గ్రంథాలయ శత్రువుల బాధయు దానికి లేదు. అయినను కొనుటకు పూర్వము ఒక ప్రశ్న వేసికొనవలసియున్నది. సొమ్ము చెల్లించి అందులోనికి తెచ్చుకొన్న పుస్తకము ఎవరి సొత్తు?

2009 జూలై మాసమున జరిగిన సంగతి ఈ ప్రశ్నను లోకమునకు తెలియజేసినది. జార్జి ఆర్వెల్ రచించిన 'నైంటీన్ ఎయిటీ ఫోర్', 'యానిమల్ ఫార్మ్' అను రెండు నవలలను అమెరికాలో పలువురు అమెజాన్ నుండి కొని తమ కిండిల్ యంత్రములలో చదువుకొనుచుండిరి. ఒకనాడు తెరచి చూచుసరికి ఆ పుస్తకములు లేవు. దొంగలు పడలేదు, యంత్రము చెడలేదు. అమ్మిన కంపెనీయే దూరమునుండి వానిని తుడిచివేసి, పుచ్చుకొన్న వెలను తిరిగి జమచేసినది. ఆ ప్రతులను అమ్మకమునకు చేర్చిన సంస్థకు అమెరికాలో వానిని ప్రచురించు హక్కు లేదనునది కంపెనీవారు చెప్పిన కారణము.

ఇందులో ఒక వింత కలదు. ఆర్వెల్ 1903లో భారతదేశముననే, బీహారులోని మోతీహారిలో జన్మించినవాడు. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. 1949లో వెలువడిన 'నైంటీన్ ఎయిటీ ఫోర్' నవలలో సర్వాధికారము చలాయించు ప్రభుత్వమొకటి తనకు గిట్టని పాత కాగితములను గోడలోని బిలములో పడవేయించి కాల్పించుచుండును. పిమ్మట అట్టి సంగతి ఎన్నడును జరుగలేదని వ్రాయించును. ఈ దుర్మార్గమును వర్ణించిన పుస్తకమే చదువరుల చేతులలోనుండి అట్లు మాయమైనది. కథకుడెవడైన దీనిని కల్పించి వ్రాసినచో అతిశయోక్తి యని పత్రికలవారు త్రిప్పి పంపియుందురు.

మిషిగన్ రాష్ట్రమున ఒక హైస్కూలు విద్యార్థి బడిపనికై ఆ నవలను చదువుచు, ఆయా వాక్యములకు తన వ్రాతలు చేర్చుకొనియుండెను. పుస్తకము పోగా వ్రాతలు మిగిలినవి. కాని ఏ మాట ఏ వాక్యమును గూర్చినదో తెలియకపోయెను. అతడు వ్యాజ్యము వేసెను. ఈలోపల కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ అది తెలివిమాలిన పనియని బహిరంగముగ ఒప్పుకొని క్షమాపణ చెప్పుకొనెను. సెప్టెంబరులో, పోయిన ప్రతులను వ్రాతలతో సహా తిరిగి ఇచ్చుటకో, లేనిచో 30 డాలర్లు చెల్లించుటకో సిద్ధపడిరి. వ్యాజ్యము 1,50,000 డాలర్లతో రాజీ అయినది. ఇకమీదట అమెరికాలో పుస్తకములను అట్లు తుడువబోమని కంపెనీ మాట యిచ్చినది. కాని ఆ మాటకు మినహాయింపులు కలవు: కొన్నవాడు సమ్మతించినపుడు, సొమ్ము చెల్లకపోయినపుడు, కోర్టు ఆజ్ఞ ఉన్నపుడు, యంత్రమునకు కీడు చేయు ప్రోగ్రాము అందు చేరియున్నపుడు తుడువవచ్చును. తుడుచు శక్తి మాత్రము వారి చేతిలోనే ఉండిపోయినది.

హక్కు లేని ప్రతిని అమ్ముట తప్పే. గ్రంథకర్తకును అతని వారసులకును రావలసినది రావలసినదే. అయినను బజారులోని పుస్తకముల షాపువాడు పొరబాటున అట్టి ప్రతిని అమ్మి, అర్ధరాత్రివేళ కొన్నవాని ఇల్లు చొచ్చి, బల్లమీది పుస్తకము తీసికొని, దాని వెల అచట పెట్టి పోయినచో ఊరివారు ఏమందురు? డబ్బు తిరిగి ఇచ్చినాడు గదా యని ఊరకుందురా?

పుస్తకములను నిషేధించుట తెలుగువారికి క్రొత్త కాదు. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' నవలను మదరాసు ప్రభుత్వము నిషేధించినది. తుదకు 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మట గాని ఆ కట్టు పూర్తిగ విడలేదు. నిషేధపు ఉత్తరువు ఒక్క సంతకముతో వెలువడును. కాని అచ్చయి ఊళ్ళకు చేరిన ప్రతులను పట్టుకొనవలెనన్నచో పోలీసువారు ఊరూర తిరిగి, ఇల్లిల్లు సోదా చేయవలెను. పట్టపగలు, పదిమంది చూచుచుండగా, బీరువా తెరపించి తీసికొనిపోవలెను. ఆ శ్రమయే పుస్తకమునకు కొంత రక్షణ. 2009లో ఆర్వెల్ నవలలను తొలగించుటకు ఎవరును ఏ గడపయు తొక్కలేదు. నాటి ప్రభుత్వమునకు ఇట్టి శక్తి యుండినచో 'మాలపల్లి' ప్రతి యొక్కటియైన మిగిలియుండెడిదా యని ఆలోచింపవలెను.

ఈ శక్తి కంపెనీవారికి ఎట్లు వచ్చినది? ఇందుకు అమ్మకమునకును అనుమతికిని గల భేదము తెలిసికొనవలెను. 1904లో బాబ్స్-మెరిల్ అను ప్రచురణ సంస్థ 'ది కాస్ట్‌అవే' యను నవలను అచ్చువేసి, ఒక డాలరుకు తక్కువగ అమ్మినవారు తమ హక్కును భంగపరచినట్లే యని అందు ముద్రించినది. న్యూయార్కులోని మేసీ దుకాణమువారు దానిని 89 సెంట్లకే అమ్మిరి. తగవు సుప్రీంకోర్టుకు పోయెను. 1908లో కోర్టు దుకాణము పక్షమున తీర్పు చెప్పినది: ఒకసారి అమ్మిన ప్రతిపై ప్రచురణకర్త అదుపు అంతటితో ముగియును, కొన్నవాడు దానిని మరల ఎంతకైన అమ్ముకొనవచ్చును. కొన్నవాడు దానిని ఎరవు ఇచ్చినను, దానము చేసినను ఎవరును అడ్డు చెప్పజాలరు. భారతదేశమున 1957 నాటి కాపీరైటు చట్టము కూడ ఒకసారి చెలామణిలోనికి వచ్చిన పుస్తకపు ప్రతిని మరల వెలువరించు విషయమున గ్రంథకర్తకు హక్కు ఈయలేదు. పల్లెటూరి గ్రంథాలయము ఎవరిని అడుగకుండ పుస్తకములు ఎరవు ఇచ్చుచున్నదన్నచో దానికి మూలము ఈ న్యాయమే.

ఎలక్ట్రానిక్ పుస్తకము విషయమున కంపెనీవారు ఈ న్యాయమును నేర్పుగ దాటిపోయిరి. వారు పుస్తకమును అమ్మరు. చదువుకొనుటకు లైసెన్సు నిత్తురు. బొత్తాముపై మాత్రము 'కొనుడు' అని యుండును. ఇట్లు వ్రాయుట మోసమని తలచి కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక చట్టము చేసినది. ఇచ్చునది లైసెన్సు మాత్రమే యని స్పష్టముగ తెలుపకుండ 'కొనుడు' అను మాట వాడరాదని 2025 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. ఆ మరుసటి నెల 26వ తేదీన అమెజాన్ వారు, కొన్న పుస్తకమును కంప్యూటరులోనికి దింపుకొని తీగ ద్వారా కిండిల్‌లోనికి ఎక్కించుకొను సౌకర్యమును తీసివేసిరి. చట్టము నిజము చెప్పుమన్నది. వారు నిజము చెప్పి పట్టు బిగించుకొనిరి.

మైక్రోసాఫ్టు కంపెనీ 2019లో తన పుస్తకముల దుకాణమునే మూసివేసెను. ఆ జూలైలో చదువరులు కొన్న పుస్తకములన్నియు తెరచుకొనుట మానినవి. వెల తిరిగి ఇచ్చిరి. వ్రాతలు చేర్చుకొన్నవారికి మరి 25 డాలర్లు జమచేసిరి. ఆలోచించి వ్రాసికొన్న వ్రాతకు ఆ ధర ఎవరు కట్టిరో!

గ్రంథాలయముల గతి ఇంకను విచిత్రము. 2011లో హార్పర్ కాలిన్స్ అను ప్రచురణ సంస్థ, తన క్రొత్త ఎలక్ట్రానిక్ పుస్తకమును గ్రంథాలయము 26 మారులు ఎరవు ఇచ్చినంతట లైసెన్సు తీరిపోవుననియు, మరల సొమ్ము చెల్లించి తెచ్చుకొనవలెననియు నియమము పెట్టినది. ఊరి గ్రంథాలయమున అట్ట ఊడిన నవలకు బైండు వేయించినచో ఇంకొక పదేండ్లు తిరుగును. ఇరువదియారవ పాఠకుని తరువాత పుస్తకము తనంతట తానే మూతపడునన్న మాట బైండు కట్టువాడు వినినచో నవ్వకుండునా!

చదివి వినిపించుట యను పుణ్యకార్యమునకు కూడ అడ్డు వచ్చినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసి, అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూర తిరిగి గ్రంథాలయములు పెట్టించిన కాలమున అక్షరము వచ్చినవారు అరుదు. ఒకరు అరుగుపై కూర్చుండి పత్రిక చదువగా చుట్టును చేరినవారు వినెడివారు. కిండిల్ యంత్రమునకు కూడ ఈ విద్య అబ్బినది. 2009 ఫిబ్రవరిలో వచ్చిన రెండవ రకపు యంత్రము పుస్తకమును పైకి చదువగలదు. చూపు లేనివారికి అంతకంటె మేలేమున్నది? కాని అమెరికాలోని రచయితల సంఘము, పైకి చదువుట వేరొక హక్కు, దానికి వేరుగ చెల్లింపవలెనని అడ్డుపడినది. ఆ నెల ముగియకముందే కంపెనీ తలయొగ్గి, ఏ పుస్తకమునకు గొంతు ఉండవలెనో లేదో హక్కుదారులే నిర్ణయింపవచ్చుననెను. ఏప్రిలులో అంధులు న్యూయార్కులో ఆ సంఘపు కార్యాలయము ముందర నిరసన సలిపిరి. రచయితలు తమ కూలి కోరుట తప్పు గాదు. అయితే వెల చెల్లించి కొన్న అంధుని ముందు పుస్తకము నోరు మూయించుట ఏ కూలి క్రిందకు వచ్చును? ఈ విషయమున భారతదేశము గౌరవముగ నిలచినది. అంధులకు పనికివచ్చు ప్రతులు చేయుటకు వీలు కల్పించిన 2013 నాటి మర్రకేష్ ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందుగ ధ్రువపరచినది.

మరియొక సంగతి. గ్రంథాలయపు ఇష్యూ రిజిస్టరులో ఎవరు ఏ పుస్తకము తీసికొనిరో ఉండును. ఎన్నవ పుటలో ఆపిరో ఏ గ్రంథపాలకుడును వ్రాయడు. నెట్‌తో కలిసియున్న పఠన యంత్రము, చదువరి ఎక్కడ ఆగెనో కంపెనీకి తెలుపుచుండును. మరల తెరచినపుడు అదే పుట చూపుటకు అది అవసరమే. ఆ చిన్న సౌకర్యముకొరకు తన చదువంతయు పరుల లెక్కలోనికి ఎక్కించుట ఉచితమా యనునది ఎవరికి వారు నిర్ణయించుకొనవలసినది; కాని తెలిసి నిర్ణయించుకొనవలెను. బ్యాటరీ సంగతి ఇంతకంటె తేలిక: ఊరి మెకానిక్కు విప్పి మార్చగల యంత్రమో కాదో కొనుటకు ముందే అడిగి తెలిసికొనుట మంచిది.

ఇంత చెప్పుట యంత్రములు వలదనుటకు కాదు. తాళము లేని పుస్తకములు కావలసినన్ని కలవు. అమెరికాలో మైకేల్ హార్ట్ 1971లో గూటెన్‌బర్గ్ ప్రాజెక్టును ఆరంభించి, హక్కులు తీరిన పుస్తకములను ఎవరైనను ఉచితముగ దింపుకొనునట్లు చేసెను. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారము అందుకొన్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకములను ఫోటోలుగ తీయించు ప్రయత్నమునకు పూనుకొనిరి. అందు భాగముగ వేలకొలది పాత తెలుగు గ్రంథములు వెలుగు చూచినవి. భారతదేశమున గ్రంథకర్త మరణించిన పిమ్మట 60 సంవత్సరములకు హక్కులు తీరును. 1915లో గతించిన గురజాడ వారి రచనలు, 1919లో గతించిన వీరేశలింగము గారి రచనలు ఇప్పుడు ఎవరి లైసెన్సుకును లోబడినవి కావు. ఆర్వెల్ 1950లో మరణించెను గనుక 2011 నుండి ఇచట అతని నవలలును అట్టివే. అమెరికాలో మాత్రము 'నైంటీన్ ఎయిటీ ఫోర్' 2044 వరకును హక్కుదారులదే.

యువకులు ట్యాబులు తెచ్చినచో మొదట ఇట్టి పుస్తకములను అందు ఎక్కింపవచ్చును. వెల పెట్టి కొనదలచిన పుస్తకమును మాత్రము చిన్న పరీక్షకు పెట్టవలెను. నెట్ ఆపివేసి తెరచి చూడవలెను. ఒక ట్యాబునుండి వేరొకదానిలోనికి మార్చి మరల తెరచి చూడవలెను. రెండు మారులును తెరచుకొన్నచో దానికి నంబరు వేసి గ్రంథాలయపు స్టాకు రిజిస్టరులో ఎక్కించుకొనవచ్చును. తెరచుకొననిచో దానికి చెల్లించిన సొమ్మును కార్యదర్శిగారు పుస్తకముల పద్దులో గాక అద్దెల పద్దులో వ్రాయవలెను. బీరువాకు కొలతలు తీసికొమ్మని వడ్రంగికి కబురు పంపుట కూడ ఆపనక్కరలేదు.